మీరెవరండీ?



మా నాన్నగారు నన్ను మొట్టమొదటిసారి ‘మీరు’ అన్న సాయంత్రం నాకు బాగా గుర్తు. మూడేళ్ళ కిందట, కార్తీకమాసం, దీపాలు పెట్టే వేళ. రెండు ఇడ్లీలు ప్లేట్లో పెట్టి చేతికిచ్చాను. అందుకుని, నా మొహంలోకి ఓసారి చూసి, “అయ్యో, మీకెందుకండీ శ్రమ!” అన్నారు. వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకుంటూ, మర్యాదకి అడిగినట్టు, “మీదే ఊరండీ?” అన్నారు.

నాకప్పటికి యాభై రెండేళ్ళు. అన్నేళ్ళూ ఆయన నోట ‘ఒరేయ్’ తప్ప మరో పిలుపు ఎరగను. లెక్కల్లో తప్పినప్పుడూ ఒరేయే, ఉద్యోగం వచ్చిందని మిఠాయి పొట్లం పట్టుకెళ్ళినప్పుడూ ఒరేయే. అమ్మ పోయిన రాత్రి నా భుజం మీద చెయ్యేసి, ఏం మాట్లాడాలో తోచక ఆయన అన్నది కూడా ఆ ఒక్క మాటే. మా గోదావరి వైపు ‘అండీ’ చాలా సులువుగా దొర్లే మాట. ఆటో అతనికీ అండీయే, తోటకూరమ్మే ఆవిడకీ అండీయే. ఆ అండీల వరసలోకి నేనూ వెళ్ళిపోయానని ఆ పూట తెలిసింది. ఇంగ్లీషువాళ్ళకి అందరికీ కలిపి ఒకటే ‘యూ’ కదా, వాళ్ళకీ దెబ్బ ఇంత సూటిగా తగలదేమో అనిపిస్తుంది నాకు.

నాన్నగారు ఆర్.ఎం.ఎస్.లో సార్టరు. ఆర్.ఎం.ఎస్. అంటే రైల్వే మెయిల్ సర్వీస్. సంచుల్లో వచ్చిన ఉత్తరాలు విప్పి, ఏ ఊరివి ఆ గూట్లో వేసి, కట్టలు కట్టి, సంచి మూతికి లక్కతో సీలేసి రైలెక్కించే పని. రాజమండ్రి స్టేషన్ దగ్గర ఆఫీసులో కొన్నాళ్ళు, రైల్లో సెక్షన్‌లో కొన్నాళ్ళు చేశారు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. నాన్నగారు అంతకు ముందే చేరారు. అప్పట్లో ఏ పల్లె ఏ పోస్టాఫీసు కిందికొస్తుంది, ఆ పోస్టాఫీసుకి ఏ బండి అందుకోవాలి అన్నదంతా బుర్రలోనే ఉండాలి. పిన్‌కోడ్ వచ్చాక ఆ అంకెలూ వెళ్ళి అక్కడే కూర్చున్నాయి. ఇంటికి చుట్టాలొస్తే ఆయనకి పరీక్ష పెట్టడం ఓ సరదా. “బావగారూ, తుని?” “533401.” “అమలాపురం?” “533201.” పెరుగన్నం కలుపుతూ, తలెత్తకుండా చెప్పేవారు.

ఆ అంకెలు ఆయనకి ఇప్పటికీ వచ్చు. నేనెవరో మాత్రం తెలీదు. మొదట్లో ఇది నాకు పెద్ద అవమానంగా ఉండేది. కొడుకు కంటే తుని ఎక్కువైందా అని ఉక్రోషం. తర్వాత డాక్టరుగారు చెప్పింది నా భాషలోకి తిప్పుకున్నాక కాస్త సర్దుకున్నాను. మెదడులో హిప్పోకాంపస్ అని ఓ చిన్న భాగం ఉంది. ఇవాళ్టి టపా విప్పి గూళ్ళకి చేర్చే సార్టరు అదే అనుకోండి. అల్జీమర్స్ జబ్బు మొదట్లోనే దెబ్బకొట్టేవాటిలో అదొకటి. ఇక కొత్త ఉత్తరాలు సంచిలోనే ఉండిపోతాయి. పొద్దున తిన్న ఉప్మా, నిన్న వచ్చి వెళ్ళిన మేనల్లుడు ఏ గూటికీ చేరరు. ఎప్పుడో చేరిన పాతవి మాత్రం చాలాకాలం చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆయన గూట్లో ఉన్న కొడుకు నిక్కరేసుకున్న పన్నెండేళ్ళ కుర్రాడు. ఇడ్లీ ప్లేటు పట్టుకొచ్చినవాడేమో నెరిసిన జుట్టు, కళ్ళజోడు, బొజ్జ. ఆ కుర్రాడు వీడేనని ఆయన ఎలా నమ్మాలి?

జబ్బు అని తెలుసుకోవడానికే మాకు రెండేళ్ళు పట్టింది. మన తెలుగిళ్ళలో ‘చాదస్తం’ అనే మాట ఉంది చూశారూ, అది చాలా అపకారం చేసింది. అడిగిందే అడిగితే చాదస్తం. ఇచ్చిన డబ్బు మళ్ళీ ఇస్తే చాదస్తం. ఆ మాట అనేసుకున్నాక ఇక డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు బాగా కుంగినా, ఎప్పుడో పడ్డ దెబ్బకి తలలో రక్తం చేరినా ఇలాగే ఉండొచ్చు. వాటికి వైద్యం ఉంది. రెండు రోజుల్లో హఠాత్తుగా మనిషి మారిపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడమంటారు. ఇవన్నీ చూశాకే మాకు ఆ పేరు చెప్పారు. మాత్రలిచ్చారు. లక్షణాల్ని కొన్నాళ్ళు పట్టి ఉంచుతాయి గానీ జబ్బుని వెనక్కి తిప్పవని కూడా ముందే చెప్పేశారు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో దాదాపు 7.4 శాతం మంది, అంటే 88 లక్షల మంది, అల్జీమర్స్ లాంటి జబ్బుల వల్ల వచ్చే డిమెన్షియాతో బతుకుతున్నారు. మీ వీధిలో ఎవరూ లేరనిపిస్తే, వాళ్ళింట్లో ఇంకా చాదస్తమనే అంటున్నారేమో.

హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఓ సంగతి ప్రకటించారు. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందట. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించిందట. నాన్నగారికి తెలుగు, ఇంగ్లీషు, సెక్షన్‌లో తిరుగుతూ నేర్చిన అరవం, కొంచెం ఒడియా వచ్చు. ఆ అరవం పుణ్యమా అని నాలుగైదేళ్ళు ఎక్కువగా ‘ఒరేయ్’ అనిపించుకున్నానని నా లెక్క. సైన్సు ఇలా ఇంటి లెక్కల్లోకి దిగదని తెలుసు. అయినా అనుకుంటాను.

అసలు సంగతికొస్తాను. మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మనకి మాత్రం ఆయన పోయినట్టు బెంగ. ఇదేం దుఃఖం? అమెరికాలో పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన పైలట్ల కుటుంబాల మీద పని చేసింది. మనిషి తిరిగి రాలేదు, శవమూ రాలేదు. బొట్టు తీసెయ్యాలో ఉంచుకోవాలో తెలియని స్థితి అన్నమాట, మన మాటల్లో చెప్పాలంటే. తర్వాత ఆవిడ ఇదే సంగతిని తిరగేసి మతిమరుపు జబ్బున్న ఇళ్ళలోనూ చూసింది. అక్కడ మనిషి లేడు గానీ ఇంటివాళ్ళ మనసులో నిండా ఉన్నాడు. ఇక్కడ మనిషి ఉన్నాడు, లోపల ఒక్కో గదిలో దీపం ఆరిపోతోంది. దానికి ఆవిడ పెట్టిన పేరు యాంబిగ్యుయస్ లాస్. తెలుగులో నేను ‘తేలని దుఃఖం’ అనుకుంటాను.

పోయినవాళ్ళ కోసం ఏడవడానికి మనకో పద్ధతుంది. పదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు, భోజనాలు. ఊరంతా వచ్చి పలకరిస్తారు. తేలని దుఃఖానికి పరామర్శ లేదు. “నాన్నగారెలా ఉన్నారు?” అంటారు, “బాగానే ఉన్నారండీ” అంటాం. నిజమే, బీపీ కూడా లేదాయనకి. అందుకని మా చెల్లెలూ నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఆదివారం పొద్దున ఓ అరగంట ఫోనులో నాన్నగారి గురించి భూతకాలంలో మాట్లాడుకుంటాం. ‘అనేవారు’, ‘చేసేవారు’, ‘కోప్పడేవారు’. మొదటిసారి ఆ ‘వారు’ నోట్లోంచి వచ్చినప్పుడు ఇద్దరం ఠక్కున ఆగిపోయాం. పక్క గదిలో ఆయన దగ్గుతున్నారు మరి. ఇప్పుడు ఆ అరగంటలో ఏడుస్తాం, చాలాసార్లు నవ్వుతాం కూడా. వారంలో మిగతా రోజులు ఆయన్ని ఆయనలాగే చూడటానికి ఆ అరగంట పనికొస్తోంది.

రెండు మాటలు నాకస్సలు పడవు. ఒకటి, “పసిపిల్లాడైపోయారు పాపం”. కాలేదండీ. పసిపిల్లాడికి రేపు ఇంకో మాట వస్తుంది. ఈయనకి రేపు ఇంకో మాట పోతుంది. పైగా పసిపిల్లాడని అనుకోగానే ఎదురుగానే ఆయన విరేచనాల గురించి, లుంగీ గురించి గట్టిగా మాట్లాడేస్తాం. ఆయనకి అర్థమవుతుంది. తల దించుకుంటారు. రెండోది, “తండ్రికి సేవ చేసుకుంటున్నావు, ఎంత పుణ్యం!” మంచి మనసుతోనే అంటారు. కానీ పుణ్యమనే మాట పడ్డాక, నాకు విసుగొస్తోందనీ, నిన్న అరిచాననీ ఎవరికి చెప్పుకోను? ‘ఇంకెన్నాళ్ళు’ అని ఓ రాత్రి నా మనసులో మెదిలింది. ఆ మాట మెదిలినందుకు వారం రోజులు నా మొహం నేనే చూసుకోలేకపోయాను. చివరికి డాక్టరుగారికే చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న చీటీ మీంచి తలెత్తకుండానే, “అందరూ చెప్తారు. మీరు కాస్త తొందరగా చెప్పారు,” అంది. ఆ రోజు నాకు నిద్ర పట్టింది.

అరిచానన్నాను కదా. అదీ చెప్తాను.

పొద్దు వాలేసరికి ఈ జబ్బులో అలజడి ఎక్కువవుతుంది. సన్‌డౌనింగ్ అంటారు. మా ఇంట్లో అది ‘డ్యూటీ’ పేరుతో వస్తుంది. ఆర్.ఎం.ఎస్. వాళ్ళకి రాత్రి డ్యూటీలే ఎక్కువ. ఆరయ్యేసరికి, “బ్యాగేదీ? బండి టైమవుతోంది” అని మొదలు. ఓ రాత్రి మూడింటికి చప్పుడైతే లేచాను. వీధి తలుపు గడియ తీసుంది. గేటు దగ్గర, చేతిలో అన్నం క్యారేజీ, ఒంటి మీద చొక్కా లేదు. పరుగెత్తుకెళ్ళి మణికట్టు పట్టుకుని లోపలికి లాగాను. “ఉద్యోగం లేదు, రైలూ లేదు, ఎన్నిసార్లు చెప్పాలి మీకు!” అని అరిచాను. ఎదురింట్లో లైటు వెలిగింది. ఆయన చెయ్యి విదిలించుకోలేదు. మెల్లిగా, “నొప్పెడుతోందండీ,” అన్నారు.

తెల్లారి చూస్తే మణికట్టు దగ్గర నా వేళ్ళ గుర్తులు. ఆయనకేం గుర్తులేదు. “ఇదేమిటండీ, ఎక్కడో తగిలింది” అని నాకే చూపించారు. ఆయన మర్చిపోయారు. నాకా జబ్బు లేదాయె.

కానీ మరో సంగతి గమనించాను. ఆ రోజంతా నేను దగ్గరికెళ్తే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎందుకో ఆయనకే తెలీదు. అమెరికాలో అయొవా విశ్వవిద్యాలయం వాళ్ళు అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి విషాదంగా, సరదాగా ఉండే సినిమా ముక్కలు చూపించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఏం చూశామో కాసేపటికే మర్చిపోయారట. ఆ దిగులు, ఆ సంతోషం మాత్రం మిగిలే ఉన్నాయట. సంగతి పోయినా దాని రుచి నాలిక మీద ఉండిపోయినట్టు. ఇది చదివాక నాకు భయమూ వేసింది, ధైర్యమూ వచ్చింది. నేను అరిచింది పోదు. నేను తల దువ్వింది కూడా పోదు.

అమ్మ గురించి అడిగేవారు. “మీ అమ్మగారేరండీ?” అని కాదు, “మా ఆవిడేదీ?” అని. మొదట నిజం చెప్పాను: పోయి ఎనిమిదేళ్ళయింది నాన్నగారూ అని. ఆయన మొహం చూడాలి. అప్పుడే కబురందినవాడిలా కుప్పకూలిపోయారు. గంటకి మర్చిపోయారు. మర్నాడు మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పాను, మళ్ళీ అదే. మూడో రోజు మా ఆవిడ అడ్డొచ్చింది. “మావయ్యగారూ, అత్తయ్యగారు పిఠాపురం వెళ్ళారండీ, పుట్టింటికి,” అంది. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చి, “చేరినట్టు కార్డు ముక్క రాయలేదేం?” అన్నారు. అబద్ధమాడటం నాకు కష్టంగానే ఉంది, ఇప్పటికీ. కానీ ఒక మనిషిని రోజూ ఓసారి విధురుణ్ణి చేయడం ఏ సత్యానికి సేవో నాకు అర్థం కాలేదు.

మా ఆవిడ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం దొంగదవుతుంది. ఇక్కడ మైకు ముందు కూర్చుని నేను మాట్లాడుతున్నానంటే, అక్కడ తను తలుపుకి తాళమేసుకుని ఆయన్ని కనిపెట్టుకుని ఉంది గనక. ఇలాంటి ఇళ్ళలో చాలావరకు కబుర్లు మగవాళ్ళవి, చాకిరీ ఆడవాళ్ళది. పోయినేడాది నాన్నగారు, “ఆ అమ్మాయి నా పింఛను డబ్బు కాజేస్తోంది” అని పాలబ్బాయికి చెప్పారు. పక్కింటివాళ్ళకీ చెప్పారు. జబ్బే అలా అనిపిస్తోందిలే అన్నాన్నేను, తెలివిగలవాడిలా. “జబ్బని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ విన్న చెవులు నావి,” అంది. ఆ తర్వాత నేను స్నానం పనీ, రాత్రి లేచే పనీ తీసుకున్నాను. గురువారం సాయంత్రం తను బయటికి వెళ్తుంది. ఎక్కడికని అడగను.

చెల్లెలితో గొడవ వేరు. వీడియోకాల్‌లో అయిదు నిమిషాలు నాన్నగారు బ్రహ్మాండంగా ఉంటారు. “బాగున్నావా అమ్మా? భోంచేశావా? చలిగా ఉందా అక్కడ?” ఎవరికైనా సరిపోయే ప్రశ్నలే. అది ఫోను పెట్టేముందు, “అన్నయ్యా, నువ్వు ఎక్కువ చేసి చెప్తున్నావు” అనేది. ఒళ్ళు మండిపోయేది నాకు. కిందటేడు మూడు వారాలు సెలవు పెట్టి వచ్చింది. నాలుగో రోజు వంటింట్లో కొబ్బరి కోరుతూ, కోరుతూ ఆగిపోయి, ఆ చిప్ప పట్టుకునే నేల మీద కూర్చుండిపోయింది. నేను మూడేళ్ళుగా రోజుకింత చొప్పున పోగొట్టుకున్న మనిషిని అది నాలుగు రోజుల్లో పోగొట్టుకుంది. అప్పట్నించి దాని మీద నాకు కోపం లేదు.

ఏటా నవంబరులో పింఛనుదారులు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. కిందటిసారి కాగితం ముందు పెట్టాం. సుద్దలా తెల్లటి చేతులతో పెన్ను చక్కగా పట్టుకున్నారు. మొదటి అక్షరం వేశారు. ఆగారు. నా వైపు చూసి, “తర్వాతేమిటండీ?” అన్నారు. అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో తొలిసారి చూసిన యాభై ఒక్కేళ్ళ ఆవిడ కూడా, పేరు రాయమంటే పూర్తి చెయ్యలేకపోయిందట. లక్ష సంచుల మీద సంతకాలు పెట్టిన చెయ్యి నాన్నగారిది. చివరికి జీవన్ ప్రమాణ్ మిషను మీద వేలు పెట్టించాం. పచ్చలైటు వెలిగింది. మిషను గుర్తుపట్టింది.

బ్యాంకు కాగితాలు, వీలునామా ఇలాంటివి ఆయనకి తెలివి ఉండగానే చూసుకోవాల్సింది. ఆ మాటెత్తితే ఆస్తి కోసమనుకుంటారని నోరు మెదపలేదు. ఎవరైనా ఇప్పుడే మొదటి మెట్టు మీదుంటే, ఆ మొహమాటం మానెయ్యండి. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416, పెద్దవాళ్ళ సంగతులకి ఎల్డర్‌లైన్ 14567. రెండూ ఉచితమే.

చెల్లెలు వచ్చినప్పుడే ఒక పని చేసింది. యాభై పైసల పోస్టుకార్డులు వంద తెప్పించింది. కూర్చుని వందిటి మీదా అడ్రసులు రాసింది. చుట్టాలవి, స్నేహితులవి, వాళ్ళలో సగం మంది లేరిప్పుడు. చెప్పుల దుకాణంలో ఖాళీ పెట్టెలు పన్నెండు అడిగి తెచ్చి, ఒకదానిమీదొకటి పేర్చి టేపు అంటించింది. ఆ సాయంత్రం ఆరింటికి నాన్నగారు బ్యాగడిగితే, “డ్యూటీ ఇక్కడేనండీ ఇవాళ” అని కార్డుల కట్ట ముందు పెట్టింది. ఆయన కట్ట విప్పారు. తడిస్పాంజి కోసం చూసి, లేకపోతే వేలు నాలిక మీద అద్దుకున్నారు. చేతులు కదిలాయి. సామర్లకోట ఓ గూట్లో, కాకినాడ ఓ గూట్లో. ఒక కార్డు దగ్గర ఆగి, మా చెల్లెల్ని కోప్పడ్డారు: “పిన్ వెయ్యకుండా ఎవరమ్మా ఇది పోస్టు చేసింది?” ఎనిమిదింటిదాకా లేవలేదు. రాత్రి పడుకున్నాక మేం మళ్ళీ కట్ట కట్టి ఉంచుతాం. రోజూ అవే వంద కార్డులు. ఒక్కోరోజు పనిచెయ్యదు. విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి.

మొన్నో సాయంత్రం నేను కట్టలందిస్తున్నాను. “కొత్తగా చేరారా అండీ?” అన్నారు. అవునన్నాను. “ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?” “నాన్నగారున్నారండీ.” “ఏం చేస్తారు?”

“ఆర్.ఎం.ఎస్.లో సార్టరండీ. రాజమండ్రి.”

చేతిలో కార్డు ఆపి, తలెత్తి నన్ను చూశారు. “అయితే మనవాళ్ళేనన్నమాట! నేను చూసే ఉంటాను,” అని పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చారు. కూర్చున్నాను. ఆయన పాటికాయన పని చేసుకుంటూ పోయారు. కట్ట అయిపోవచ్చేసరికి పిఠాపురం కార్డొకటి వచ్చింది, మా చెల్లెలి దస్తూరీతో. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఏ గూట్లోనూ వెయ్యలేదు. నేను చూడటం లేదనుకుని మెల్లిగా చొక్కా జేబులో పెట్టుకున్నారు.